పాత లెగసీని మళ్ళీ మంచులోకి దించాను

అమెరికాలోని డెన్వర్ చుట్టుపక్కల జపాన్ కంపెనీ సుబారు పాత కార్లకు కొదవ లేదు. కొండలు దగ్గర, మంచు ఎక్కువ. నాలుగు చక్రాలూ లాగే కారు ఇక్కడి జనానికి షోకు కాదు, అవసరం. కాబట్టి పాత సుబారు కొనాలంటే దొరకడం కష్టం కాదు, మంచిది దొరకడమే కష్టం. పైగా నా పట్టింపులు నాకున్నాయి. 1990 నుంచి 94 దాకా వచ్చిన మొదటి తరం లెగసీయే కావాలి, అది సెడానే కావాలి, చేత్తో గేర్లు వేసేదే కావాలి. స్టేషన్ వ్యాగన్లు బోలెడు కనిపించాయి. సెడాన్లు తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు ఆటోమేటిక్‌లు.

ఆ బండే ఎందుకంటే ముందు దాని ఇంజన్ గురించి చెప్పాలి. 2.2 లీటర్లు, 130 హార్స్‌పవర్, పేరు ఈజే22. సిలిండర్లు నిలబడి ఉండవు, రెండు ఇటు, రెండు అటు పడుకుని ఉంటాయి. పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో నడిపేది టైమింగ్ బెల్టు. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలి ఇంజన్ పాడైపోతుంది. ఆ ఏళ్ల ఈజే22లో అవి ఒకదానికొకటి తగిలే అవకాశమే లేదు. బెల్టు తెగితే బండి ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్టు వేసుకుని వెళ్లిపోవచ్చు. సెలవు రోజుల్లో గ్యారేజీలో నేర్చుకుంటూ పనిచేసే నాలాంటివాడికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

ఇంకోటి, దాని చరిత్ర. 1989 జనవరిలో ఆరిజోనాలోని ఒక టెస్ట్ ట్రాక్ మీద టర్బో లెగసీ సెడాన్‌ని డ్రైవర్లు మార్చుకుంటూ రాత్రింబవళ్లు తిప్పారు. లక్ష కిలోమీటర్లు, సగటున గంటకు 223 కిలోమీటర్ల వేగం, దాదాపు 19 రోజులు. 1993లో న్యూజిలాండ్ ర్యాలీలో స్కాట్లాండ్ డ్రైవర్ కోలిన్ మెక్‌రే గెలిచింది కూడా లెగసీతోనే. వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో సుబారుకి అదే తొలి గెలుపు. నాది టర్బో కాదులెండి, మామూలుగా ఇంట్లో వాడుకునే బండి. అయినా రక్తసంబంధం ఉంది కదా!

చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ పాత చొక్కా వేసుకుని వెళ్లేవాడిని, ఎందుకంటే కింద పడుకోవాలి. అమెరికాలో సుబారు కార్లన్నీ ఆల్ వీల్ డ్రైవే, అంటే నాలుగు చక్రాలూ లాగేవే అనుకుంటారు చాలామంది. కంపెనీ అలా నిర్ణయించుకుంది 1996లో. అంతకుముందు లెగసీ ముందు చక్రాలు మాత్రమే లాగే రకంలో కూడా వచ్చేది. అమ్మేవాళ్లకే ఒక్కోసారి తెలియదు. కింద దూరి చూస్తే లాగుడుని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, దాన్ని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్ కనబడాలి. అవి కనిపించకపోతే లేచి దులుపుకుని థాంక్స్ చెప్పి వచ్చెయ్యడమే. ఆ తర్వాత వెనక చక్రాల మీదుండే ఆర్చీలు చూడాలి. ఈ బండికి తుప్పు అక్కడ మొదలవుతుంది. పైన పెయింట్ చిన్న పొక్కులా లేచిందంటే లోపల వేలు దూరేంత బొక్క ఉన్నట్టే.

చివరికి దొరికింది 1993 మోడల్, ముదురు ఎరుపు. 2,14,000 మైళ్లు తిరిగింది. ఒక పెద్దావిడ ఇంటి పక్కన కొన్నేళ్లుగా కదలకుండా ఉంది. 1,400 డాలర్లకు మాట్లాడుకుని ట్రక్కు మీద వేయించుకుని తెచ్చాను. మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏవండీ, ఇది గ్యారేజీలో ఉంటే నా కారు మంచులో ఉండాలన్నమాట" అంది. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

కొత్త బ్యాటరీ పెట్టి, పాత పెట్రోలు తోడేసి, కొత్తది పోస్తే స్టార్టయింది. వీధి చివరి ఖాళీ పార్కింగ్ లాటులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పాను. ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఇదే అసలు పరీక్ష. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బిగుసుకుంటూ, చిన్నచిన్న గెంతులతో తిరిగింది.

మలుపులో నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దూరాలు నడుస్తాయి. ఎడమ, కుడి చక్రాల తేడా సర్దడానికి ముందొక డిఫరెన్షియల్, వెనకొక డిఫరెన్షియల్ ఉంటాయి. ముందు, వెనకల మధ్య తేడా సర్దడానికి గేరుబాక్సు చివర మూడోది ఉంటుంది. చేతి గేర్ల లెగసీలో మామూలుగా సగం లాగుడు ముందుకి, సగం వెనక్కి వెళ్తుంది. ఆ మూడోదానికి తోడుగా ఒక మూసిన డబ్బా, అందులో పల్చటి పళ్లేల దొంతర, సిలికాన్ నూనె. ముందు చక్రాలు మంచులో ఊరికే గిర్రున తిరిగితే ఆ పళ్లేల మధ్య నూనె వేడెక్కి, పాకం ముదిరినట్టు బిగుసుకుని, లాగుడుని వెనక చక్రాలకు పంపుతుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. నాకు ఈ బండిలో అన్నిటికంటే ముచ్చటేసే భాగం ఇదే.

కానీ దానికి ఒక బలహీనత ఉంది. నాలుగు టైర్ల చుట్టుకొలతా దాదాపు ఒకటే ఉండాలి. పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే, తిన్నగా పోతున్నా ఆ డబ్బా మలుపులో ఉన్నట్టే పనిచేస్తూ ఉంటుంది. నెలల తరబడి అలా వేడెక్కితే పాడైపోతుంది. నా బండికి మూడు టైర్లు అరిగినవి, ఒకటి మాత్రం కొత్తది. ఎప్పుడో పంక్చరయి మార్చి ఉంటారు. ముందు నాలుగూ ఒకే రకం వేయించాను. గేరాయిలు మార్చాను. ఇక్కడో చిన్న సంగతి: పాత ఆయిలు దించేముందు పైన పోసే బిరడా వస్తుందో లేదో విప్పి చూసుకోవాలి. కింద అంతా కారిపోయాక పై బిరడా రాకపోతే బండి కదలదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే దారి కూడా ఉండదు. చేతి గేర్ల లెగసీలో గేరుబాక్సుకీ, ముందు డిఫరెన్షియల్‌కీ ఆయిలు ఒకటే, మూడున్నర లీటర్ల దాకా పడుతుంది. వెనకదానికి వేరుగా పొయ్యాలి, లీటరు కూడా పట్టదు. ఇవి చేశాక వంద మైళ్లు తిప్పితే గెంతడం పూర్తిగా పోయింది. డబ్బా ఇంకా బతికే ఉందన్నమాట. నా జేబు కూడా.

అసలు పని ఆయిలు కారడం. రాత్రి బండి పెడితే తెల్లారేసరికి కింద అట్టముక్క నల్లగా తడిసేది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య అతుకు దగ్గర కారుతోంది. అదే సమయానికి మా అమ్మానాన్నా ఆర్నెల్లు ఉందామని వచ్చారు. నాన్న విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ గేరుబాక్సులు విప్పి బిగించి రిటైరయిన మనిషి. ఇక్కడికొచ్చిన రెండో వారానికే ఆయనకు తోచుబాటు లేక టీవీ రిమోట్ విప్పడానికి స్క్రూడ్రైవర్ అడిగారు. నేను ఆయన్ని గ్యారేజీలోకి తీసుకెళ్లాను.

కారిన చోట వేలు పెట్టి, వేలికొసని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది గేరాయిలు కాదురా, ఇంజనాయిలే" అన్నారు. గేరాయిలులో గంధకం కలుస్తుంది, అది కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. ఇది కొట్టట్లేదు. ఆ ఒక్క వాసనతో గేరుబాక్సు విప్పే అవసరం లేదని తేలింది. ఇంజను దింపితే చాలు.

దింపడం అని మనవాళ్లు అంటాం గానీ ఈ ఇంజను పైకే వస్తుంది. రేడియేటరు, ఫ్యాన్లు తీసేస్తే ముందంతా ఖాళీ. ఏసీ కంప్రెసరు గొట్టాలు విప్పకుండానే పక్కకి వాల్చి తాడుతో కట్టాం, గ్యాసు పోదు. సైలెన్సర్ పైపు నట్లకు రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె కొడుతూ వచ్చాం. మొండికేసిన ఒక నట్టుని చిన్న టార్చ్‌తో కాల్చి, సగం చుట్టు విప్పి, పావు చుట్టు మళ్ళీ బిగించి, అలా ముందుకీ వెనక్కీ ఆడించి నాన్న బయటికి తీశారు. నేనైతే బలంగా లాగి బోల్టు విరగ్గొట్టేవాణ్ణి. కింద మౌంటు నట్లు రెండు, పైన ఇంజనుని వెనక గోడకు పట్టి ఉంచే కడ్డీ ఒకటి, గేరుబాక్సు చుట్టూ బోల్టులు. అద్దెకు తెచ్చిన క్రేనుతో నెమ్మదిగా లేపుతూ, గేరుబాక్సు ముందు భాగం కింద జాకీ పెట్టి ఎత్తు సరిచూసుకుంటే ముందుకి జరిగి వచ్చేసింది.

కారుతున్నది ఎక్కడో ఎదురుగా కనిపించింది. ఫ్లైవీలు వెనక ఇంజనుకి ఒక మూత ఉంటుంది. ఆ రోజుల్లో ప్లాస్టిక్‌ది వేసేవారు. ముప్పై ఏళ్ల వేడికి అది వంకర తిరిగి, ఒక మూల తెల్ల కాగితం దూరేంత సందు ఇచ్చింది. దాని బదులు ఇప్పుడు ఇనుప మూత దొరుకుతుంది. అది వేశాం. క్రాంకు షాఫ్టు వెనక ఆయిలు కారకుండా ఆపే సీలు పొడిగా ఉంది, దాని జోలికి పోలేదు. బాగున్నదాన్ని పీకి కొత్తది వంకరగా కొట్టడం కంటే వదిలెయ్యడం మేలని నాన్నా నేనూ ఒకే మాట మీదకొచ్చాం.

ముందు వైపు ఆయిల్ పంపు విప్పితే వెనక పలకని పట్టుకునే స్క్రూల్లో రెండు వేలితో తిరిగాయి. వయసొచ్చిన ఈజే ఇంజన్లలో ఇది మామూలే. మరలకు గట్టిపడే జిగురు రాసి బిగించాం. క్యాము సీళ్లు, క్రాంకు ముందు సీలు, వాల్వు మూతల ప్యాకింగులు కొత్తవి వేశాం. ఇంజను బయటే ఉంది కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగూ మార్చేశాం.

టైమింగ్ బెల్టు దగ్గర మాత్రం మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నాం. ఈ ఇంజనులో నీళ్ల పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే. అందుకే బెల్టు, పంపు, కప్పీలు కలిపి ఐసిన్ కంపెనీ కిట్టు తెప్పించాను. క్రాంకు పళ్లచక్రం మీద కొట్టొచ్చినట్టు ఒక బాణం గుర్తు ఉంటుంది. అది టైమింగుకి కాదు. అసలు గుర్తు చక్రం వెనకంచున చెవిలా పొడుచుకొచ్చిన ముక్క మీద గోరుతో గీసినంత గీత. దాన్ని ఆయిల్ పంపు మీదున్న గాటుకి ఎదురుగా పెట్టాలి. నాన్నకు కళ్లజోడు మార్చినా కనపడలేదు. ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చూపించాక, "ఇంత గీత గీసినోడికి అంత బాణం ఎందుకురా?" అని విసుక్కున్నారు. బెల్టుని బిగించే టెన్షనర్‌ని వైసులో పెట్టి ఒక్కసారిగా నొక్కకూడదు, లోపల నూనె సర్దుకునే టైమిస్తూ నొక్కాలి. దానికి పిన్ను గుచ్చి, బెల్టు వేసి, పిన్ను లాగేశాం. స్పానరుతో ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూసుకున్నాం. ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముందు కుడివైపు యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మి ఉంది. సైలెన్సర్ వేడి తగిలే చోటు అది. కొత్త యాక్సిళ్లు చవగ్గా దొరుకుతాయి గానీ, వాటికంటే కంపెనీ పాతదాన్నే విప్పి కడిగి కొత్త బూట్లు వెయ్యడం మేలు. యాక్సిల్‌ని గేరుబాక్సుకి కలిపేది ఒక స్ప్రింగు పిన్ను. చుట్టిన రేకు ముక్కలా ఉంటుంది, పుల్లంత. ఆ పిన్ను దూరే కంత సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. యాక్సిల్‌ని ఒక వైపు తిప్పి ఎక్కిస్తే రెండు కంతలూ కలుస్తాయి, దానికి ఎదురువైపు తిప్పితే సగమే కలుస్తాయి. లోపలికి టార్చి కొట్టి, అవతలి వెలుతురు గుండ్రంగా కనపడ్డాకే పిన్ను కొట్టాలి.

కరెంటు పని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1996కి ముందు బండి కాబట్టి ఇప్పటి స్కానర్లు పెట్టే ప్లగ్గు దీనికి లేదు. డ్యాష్‌బోర్డు కింద రెండు నల్ల కనెక్టర్లుంటాయి. వాటిని కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటే మిణుకుమిణుకుమంటూ జబ్బు చెబుతుంది. పొడుగు మిణుకు పది, పొట్టి మిణుకు ఒకటి. నాకు 22 వచ్చింది. అంటే ఇంజను లోపలి టకటకలని పసిగట్టే నాక్ సెన్సరు. తీసి చూస్తే పైన ప్లాస్టిక్ పగిలి ఉంది. ఒకే బోల్టు, పావుగంట పని.

ఏం చెయ్యలేదో కూడా చెప్పాలి. పెయింట్ ముట్టుకోలేదు. కొలరాడో ఎండకి బానెట్ మీదా టాప్ మీదా పైపొర లేచి తెల్లగా ఉంది, అలాగే ఉంది. కొత్త పెయింట్ వేస్తే బండి మెరుస్తుంది, నిజమే. ఆ తర్వాత రాయి తగులుతుందేమో, గీత పడుతుందేమో అని టెన్షన్. గ్యారేజీలో గుడ్డ కప్పి పెట్టుకునే బండి నాకొద్దు. ఆ డబ్బు బ్రేకులకీ, టైర్లకీ, రేడియేటరుకీ పెట్టాను. షోలకు తీసుకెళ్లే మిత్రులు దీనికి ఒప్పుకోరు, వాళ్ల సరదా వాళ్లది.

విరిగిన తలుపు పిడి, డిక్కీ లైటు, సీటు కింది పట్టా లాంటి చిల్లర సామానంతా తుక్కు యార్డులోనే దొరికింది. రెండు డాలర్ల టికెట్టు, మన పనిముట్లు మనమే తీసుకెళ్లాలి. వరసల నిండా సుబారులే. నాన్నకు అక్కడ ప్రాణం లేచొచ్చింది. "ఇన్ని మంచి గేరుబాక్సులు ఎండలో పడేశారు" అని గంటసేపు బాధపడుతూనే మూడు స్విచ్చులు, ఒక జాకీ బేరమాడకుండానే చవగ్గా తెచ్చారు.

ఆయన తిరిగి వెళ్లేముందు అక్టోబరు చివర్లో కొండల్లో మంచు పడింది. ఇద్దరం లవ్‌లాండ్ పాస్ అనే కొండ దారికి బయల్దేరాం. ఎత్తు 11,990 అడుగులు. అందరూ ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగంలోంచి కొండ కింద నుంచే దాటిపోతారు. మంటలంటుకునే సరుకు మోసే ట్యాంకర్లను మాత్రం మామూలుగా సొరంగంలోకి రానివ్వరు, అవి పాస్ మీదుగానే ఎక్కాలి. టర్బో లేని ఇంజను అంత ఎత్తులో గాలి చాలక బలంలో మూడో వంతు దాకా పోగొట్టుకుంటుంది. నా 130 గుర్రాల్లో అక్కడికి చేరినవి తొంభైకి మించవు. మూడో గేరులో, తొందర లేకుండా, ముందు పోతున్న పెట్రోలు ట్యాంకరు వెనకే ఎక్కాం. నాన్న మంచు చూడలేదు, ట్యాంకరు డ్రైవరు ఎక్కడెక్కడ గేరు మారుస్తున్నాడో వింటూ కూర్చున్నారు.

ఒక మలుపులో ముందు చక్రాలు ఒక్క క్షణం జారాయి. వెంటనే వీపు వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి సర్దుకుని ముందుకి కదిలింది. నూనె డబ్బా పనిచేసింది. కొత్త కార్లలో ఇది తెలియను కూడా తెలియదు, కంప్యూటరు చూసుకుంటుంది. ఇందులో సీటుకి తెలుస్తుంది.

దిగేటప్పుడు సంగతి వేరు. నాలుగు చక్రాలు లాగడం బండి కదలడానికే గానీ ఆగడానికి పనికిరాదు. ప్రతి చలికాలం ఇక్కడ కాలువల్లో పడి కనిపించే పెద్ద పెద్ద ఎస్‌యూవీలన్నీ ఈ తేడా తెలియనివాళ్లవే. ఆపేది టైరు. అందుకే మంచు టైర్లు వేరుగా రిమ్ములతో సహా పెట్టుకున్నాను. ఐ-70 కొండ భాగంలో సెప్టెంబరు నుంచి మే దాకా ఆల్ వీల్ డ్రైవ్ బండికి కూడా టైరు గాడి అంగుళంలో 3/16 వంతు లోతు ఉండాలని చట్టం. నన్నడిగితే అది కూడా తక్కువే. ఇంటికి రాగానే బండి అడుగుభాగం కడగడం ఇంకో నియమం. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడు ఆర్చీలకు అంటుకుని ఉంటే నా కష్టమంతా తుప్పు తినేస్తుంది.

కొన్న ధర కాకుండా సామానుకి రెండు వేల డాలర్లు పైనే అయింది. అమ్మితే అంత రాదు. అమ్మను కూడా.

ఇప్పుడు దానికి కొత్త పని దొరికింది. పక్క వీధిలో ఉండే మన తెలుగువాళ్లబ్బాయికి పదిహేడేళ్లు, క్లచ్ ఉన్న బండి ఎప్పుడూ తొక్కలేదు. ఆదివారాలు స్కూలు పార్కింగులో నేర్పుతున్నాను. లెగసీలో హిల్ హోల్డర్ అని ఒక సౌకర్యం ఉంది. ఎత్తు మీద క్లచ్ నొక్కి ఉంచితే బ్రేకు వదిలినా బండి వెనక్కి జారదు. క్లచ్ మార్చాక దాని కేబుల్ కొంచెం బిగించాల్సి వచ్చింది. కుర్రాడు మొదట్లో ప్రతిసారీ ఆపేసి, "సారీ అంకుల్" అనేవాడు. ఇప్పుడు అనడం మానేశాడు, తాళం తిప్పి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. రెండో గేరు నుంచి మూడోది చప్పుడు లేకుండా పడుతోంది. రివర్సు ఇంకా గరగరమంటోంది, వచ్చే ఆదివారం దాని మీదే కూర్చుందామన్నాను.